కుంటిపాట

అనిలను చూసిపోవడానికి వచ్చినవాళ్లు ఆమె ఏం చదివిందని అడగలేదు. వంట వచ్చా అని కూడా అడగలేదు. కాబోయే అత్త చాయ్ కప్పు కింద పెట్టి, "దినాం ఎన్ని బీడీలు చేస్తవు బిడ్డా" అంది.

"కూసోనిస్తె వెయ్యి చేస్త. కూసోనియ్యకుంటె నీ కొడుకే చేసుకోవాలె" అంది అనిల.

వాళ్ల ఊరు రామారెడ్డిలో ఆమె నోరు అందరికీ తెలుసు కాబట్టి వాళ్లమ్మ తల పట్టుకుంది. అవతలివాళ్లకు మాత్రం వెయ్యి అన్న మాటే వినిపించింది. ఆ నెలలోనే పెళ్లయి అత్తగారి ఊరు ఎల్లారెడ్డికి వచ్చేసింది.

అది జరిగి పదమూడేళ్లు. ఆ అత్త ఇప్పుడు లేదు. మామ ముత్తయ్య ఉన్నాడు, ఎకరన్నర మడి ఉంది, బడికి పోయే ఆడపిల్లలు ఇద్దరున్నారు. మొగుడు లింబాద్రి మస్కట్ పోయాడు. పెద్ద పెద్ద బిల్డింగులు కట్టేటప్పుడు చుట్టూ ఇనుప పైపులు నిలబెడతారు కదా, అవి బిగించే పని. అనిల పని మాత్రం మారలేదు. పొద్దున పిల్లలు బడికి పోగానే చాట, కత్తెర, తడిపిన ఆకు పట్టుకుని మూడిళ్ల అవతలున్న రాములవ్వ ఇంటికి పోతుంది. అక్కడ ఇంటి ముందు రేకుల పందిరి ఉంది. ఎండా తగలదు, వానా తగలదు, కబుర్లకు మాత్రం కరువు లేదు.

రాములవ్వకు అరవై దాటాయి. ఆ పందిరి ఆమెది కాబట్టి అక్కడ మాట కూడా ఆమెదే. ఆమె పక్కన జమున కూర్చుంటుంది. జమునది తండా. కూతురు చందనను ఎల్లారెడ్డి కాలేజీలో ఇంటర్ చదివించడం కోసం ఊళ్లో ఒక గది కిరాయికి తీసుకుని ఉంటోంది. ఇంకో ఇద్దరు ముగ్గురు వస్తూ పోతూ ఉంటారు. ఎవరో ఒకరి ఫోన్‌లో పాటలు మోగుతుంటాయి. ఆ పాటలు చెవులకే గానీ చేతులకు కాదు. చేతుల నడక చేతులదే.

2012 వానాకాలంలో లింబాద్రి కంపెనీతో ఒప్పందం ముగిసి ఇంటికి వచ్చాడు. మూడేళ్ల తర్వాత రావడం. పిల్లలకు గౌన్లు, అందరికీ సబ్బులు, తండ్రికి ఒక మందపాటి దుప్పటి తెచ్చాడు. వాడకట్టులో మనుషులు వచ్చి పలకరించారు. గల్ఫ్ నుంచి వచ్చినవాణ్ని మా దగ్గర రెండే అడుగుతారు. ఎప్పుడొచ్చినవ్, ఎప్పుడు పోతున్నవ్. ఈ రెంటి నడుమ ఎట్లున్నవ్ అని ఒకటి అడగాలని ఎవరికీ తోచదు. లింబాద్రి మొదటిదానికి జవాబు చెప్పేవాడు. రెండోదానికి నవ్వేవాడు.

పోకముందు కూడా అతను పెద్ద మాటకారి కాదు. కానీ పిలిస్తే పలికేవాడు. ఇప్పుడు రెండుసార్లు పిలవాలి. ఎందుకంటే చెవుల్లో వైర్లు. ఒక ఫోన్ తెచ్చుకున్నాడు, దానికి ఒక వైరు తగిలించి గోడకు ఆనుకుని కూర్చుంటే గంట గడిచినా కదలడు. ముఖంలో ఏడుపూ ఉండదు, నవ్వూ ఉండదు.

"ఏం ఇంటున్నవ్" అని అడిగితే, "ఏం లేదు, పాటలు" అనేవాడు. ఆడపిల్లలు వచ్చి మాకు పెట్టు నాన్నా అంటే, "ఇవి మీకు తెల్వయి" అని తీసి జేబులో పెట్టుకునేవాడు.

ఇట్లా ఐదు వారాలు గడిచాయి. అప్పుడు కామారెడ్డి నుంచి యాకూబు సాబ్ ఫోన్ చేశాడు. ఆయన గల్ఫ్ వీసాల పని చూస్తాడు, మర్యాద గల మనిషి. ఇంకో వీసా చూడమని ఇచ్చిన లింబాద్రి పాస్‌పోర్టు ఆయన దగ్గరే ఉంది. వేరే కంపెనీలో మంచి వీసా ఒకటి వచ్చింది, రెండేళ్లది. "శుక్రవారం దాక నీ కోసం ఆపుత. ఊ అంటె ముంగటికి పంపుత. లేదంటె ఇంకొకలకు ఇచ్చేస్త, మల్ల నన్ను అనొద్దు" అన్నాడు.

ముత్తయ్యకు అది అడిగే సంగతే కాదు. పోతాడు, అంతే. వాడకట్టులో అందరి కొడుకులూ పోయారు. అనిలకు అట్లా లేదు. ఆమె అన్నం పెడుతూ లింబాద్రిని సూటిగా అడిగింది.

"నీకు పోబుద్ధి అయితుందా, అయితలేదా."

"చూద్దాం తియ్యి."

"చూసుడు గాదు. పోతె పో. ఉంటె ఉండు. నాకు రెండూ చేతనైతయి. నువ్వు పోయినంక మూడేండ్లు ఎల్లదీసిన, ఇంకో రెండు ఎల్లదీస్త. నువ్వుంటె మడి ఉన్నది, బిల్డింగుల పని కామారెడ్డిల గూడ ఉన్నది. ఏదో ఒకటి నోరు తెరిసి చెప్పు. చెప్పకుండ పోతె మాత్రం నాకు మనసుల వడది."

"చెప్త."

"ఎప్పుడు. శుక్రారం దాటినంకనా."

లింబాద్రి చెయ్యి కడుక్కుని లేచాడు. కాసేపటికి మళ్లీ వైర్లు చెవుల్లోకి పోయాయి. అనిల మనసులో ఒక్కటే పడింది. ఈ మనిషి నోట్లోంచి రాని మాట ఏదో ఆ చెవుల్లోకి పోతోంది. శుక్రవారంలోగా అదేంటో తెలియాలి.

మంగళవారం తండ్రీకొడుకులు మడికి యూరియా చల్లడానికి పోయారు. ఫోన్ గూట్లో ఛార్జింగ్ పెట్టి ఉంది. అనిల చాట చంకన పెట్టుకుని గడప దాటబోయి ఆగింది. వెనక్కి వచ్చి వైరు ఒకటి చెవిలో పెట్టుకుని, ఎక్కడ కనిపిస్తే అక్కడ వేలు పెట్టి నొక్కింది.

మొదట గిటార్ల చప్పుడు. తర్వాత ఒక మగగొంతు, ఇంగ్లీషు. అది ఆగింది. ఆగిన తర్వాత ఒక ఆడమనిషి మాట్లాడింది. పాట కాదు. మాట. నింపాదిగా, మంచం మీద కూర్చుని మనవాళ్లతో చెప్పుకున్నట్టు మాట్లాడింది. నడుమ ఒకసారి చిన్నగా నవ్వింది. ఊపిరి కూడా వినిపించింది.

అనిల చంకలోంచి చాట దింపలేదు. అట్లాగే నేల మీద కూర్చుండిపోయింది. ఇదా సంగతి అనుకుంది. ఇంకొకరైతే మొగుడు ఇంటికి వచ్చేదాకా ఆగేవాళ్లేమో. అనిలకు ఆగడం రాదు. వైరు పీకేసి, ఫోన్ కొంగులో కట్టుకుని, రాములవ్వ పందిరికి పోయింది.

"అవ్వా, మా ఆయన ఫోన్ల ఎవతో మాట్లాడుతుంది" అంది.

రాములవ్వ చేతిలోని ఆకు చేతిలోనే ఉంది. "ఎవతె."

"తెలిస్తె నీ దగ్గరికెందుకొస్త."

"తెలుగా, హిందీయా."

"ఇంగ్లీషు."

జమున నోటి మీద చెయ్యి వేసుకుంది. "లింబాద్రన్నకు ఇంగ్లీషు మాట్లాడెతందుకు ఎవలు దొరికిండ్రు. తెలుగే మాట్లాడడాయె."

"నవ్వకు జమునా. నాకు పాణం పోతుంది."

"కూసో" అంది రాములవ్వ. "ఫోన్ నడుమ పెట్టు. అందరం ఇందాం. చేతులు మాత్రం ఆపకుండ్రి, దినం పాడైతది."

ఆ మాటలు ఎక్కడున్నాయో అనిలకు మళ్లీ దొరకలేదు. ఫోన్‌లోని మెమరీ కార్డులో తొమ్మిది పాటలున్నాయి. వాటికి పేర్లు లేవు, అంకెలే. సరే, మొదటి నుంచి వస్తే ఎక్కడో ఒకచోట ఆమె తగలకపోదు అని ఒకటో అంకె నొక్కారు.

మొదట వాన చప్పుడు వచ్చింది. రాములవ్వ గబగబా లేచి అంచున ఆరబెట్టిన ఆకుల గంప లోపలికి లాగింది. బయట చూస్తే ఎండ. వాన ఫోన్‌లో పడుతోంది. జమున పొట్ట పట్టుకుని నవ్వింది. "ఊకో, నాకేం తెలుసు" అని రాములవ్వ గంపను మళ్లీ బయటికి నెట్టింది.

వాన తర్వాత మెల్లగా పియానో మీద ఎవరో ఒక్కొక్క మెట్టూ నొక్కారు. అది బాగుందనుకునేలోపు ఒక్కసారిగా డప్పులు, గిటార్లు మీద పడ్డాయి.

"రేకుల మీద కోతులు దునికినట్టున్నది" అంది జమున.

ఆ తర్వాత ఏమీ లేదు. నిశ్శబ్దం. ఛార్జింగ్ అయిపోయిందా అని అనిల ఫోన్ ఎత్తి చూసింది. కాలేదు. ఎక్కడో దూరం నుంచి ఆ మగగొంతు మళ్లీ మొదలైంది. ఈసారి అతను పాడుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియడం లేదు. గొంతు పైకి పోయి అక్కడే వణికి, కిందికి దిగకుండా మళ్లీ పైకి పోతోంది. అందరి చేతులూ నెమ్మదించాయి.

"పాపం, ఎవలు సచ్చిపోయిండ్రో" అంది రాములవ్వ.

జమున తల అడ్డంగా ఊపింది. "గట్ల గాదు అవ్వ. మా తండల పెండ్లిపిల్ల అత్తగారింటికి పోయేటప్పుడు ఏడుస్తది. ఊకె ఏడ్సుడు గాదు. రాగం తీసి, ఒక్కొక్కల మెడ మీద వడి, వాళ్లు చేసిందంత చెప్పుకుంట ఏడుస్తది. నాకు మా అమ్మ నేర్పింది. నెల దినాలు నేర్సుకున్న."

"ఏడ్సుడు నేర్పుతరా మీకు. మాకు నేర్పకున్నా వస్తది."

"నీది కండ్ల నీళ్లకు ఏడ్సుడు అవ్వ. మాది చెప్పెతందుకు ఏడ్సుడు. వీడు చెప్పెతందుకు ఏడుస్తున్నడు. ఏం చెప్తున్నడో నాకు తెల్వది. కని ఎవలకో చెప్తున్నడు."

అనిల ఫోన్ వైపు చూసింది. తన మొగుడు ఐదు వారాలుగా గోడకు ఆనుకుని వింటున్నది ఇదన్నమాట.

మూడో పాట, నాలుగో పాట వచ్చాయి. ఇక్కడ ఇంకో చిక్కు వచ్చింది. ఇన్నాళ్లూ ఏ పాట మోగినా చేతులకు అడ్డం రాలేదు. ఇది అడ్డం వస్తోంది. దెబ్బ పడాల్సిన చోట పడదు, అవసరం లేని చోట ఒకటి ఎక్కువ పడుతుంది. జమున రెండుసార్లు తంబాకు ఒడిలో పోసుకుంది. ఇంకొకామె దారం చుట్టకుండానే బీడీ చాటలో వేసింది. రాములవ్వ చాట పక్కకు పెట్టి, బతుకమ్మ చుట్టూ తిరిగేటప్పుడు కొట్టినట్టు చప్పట్లు కొట్టి చూసింది. మూడు చప్పట్లు సరిపోయాయి, నాలుగోది గాల్లో ఉండగానే పాట ముందుకు పోయింది.

"దీనికి ఒక కాలు పొట్టిగున్నది" అంది. "ఇది కుంటిపాట."

ఆ పేరే నిలిచిపోయింది.

ఏడో అంకె పాట ఇరవై మూడు నిమిషాలు. ఒక పాట అంతసేపు ఉంటుందని వాళ్లెవరూ ఎరగరు. అది కూడా కుంటుకుంటూనే మొదలైంది. అనిల మనసు పాటలో లేదు, ఆ ఆడమనిషి ఎప్పుడొస్తుందా అని ఉంది. చేతులు వాటి పాటికి అవి పోతున్నాయి. ఆకు తీయడం, తంబాకు పోయడం, సర్దడం, చుట్టడం, మూతి మడవడం, దారం కట్టడం, తెంపడం. మళ్లీ ఆకు. కొంతసేపటికి ఆమెకు ఒకటి తెలిసింది. దారం తెంపిన ప్రతిసారీ పాటలో పెద్ద దెబ్బ పడుతోంది. ముందు ఊరికే కలిసిందనుకుంది. మళ్లీ తెంపింది, మళ్లీ పడింది.

"అవ్వా" అంది మెల్లగా. "చప్పట్లు కొట్టకు. బీడీ చెయ్యి."

"ఏంది."

"బీడీ చెయ్యి. గట్లనే ఇనుకుంట చెయ్యి. ఏడు లెక్కవెట్టు."

రాములవ్వ నమ్మకం లేనట్టే ఆకు తీసింది. రెండు బీడీలయ్యాయి. మూడోదానికి ఆమె తల దానంతట అదే ఊగడం మొదలైంది. జమున కూడా అందుకుంది. మిగిలినవాళ్లూ అందుకున్నారు. పందిరి కింద ఐదు జతల చేతులు ఒక్కసారే ఆకు తీస్తున్నాయి, ఒక్కసారే దారం తెంపుతున్నాయి. ఎవరి నడక వారిదిగా పదేళ్లూ ఇరవయ్యేళ్లూ చేసిన చేతులు మొదటిసారి ఒక్క నడకలో పడ్డాయి. ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడితే తప్పుతుందని భయం.

పాట నడక మార్చుకున్నప్పుడు అందరికీ ఒకేసారి తప్పింది, అందరూ ఒకేసారి నవ్వారు.

"ఈ పాట కట్టినోడు బీడీలు చేసినోడే" అంది రాములవ్వ. "ఏ దేశపోడన్న గానీ. వాని తల్లో, వాని పెండ్లామో బీడీలు చేస్తది. లేకుంటె గీ ఏడు ఎక్కడ్నించి వస్తది."

అందులో ఎవరికీ అనుమానం కలగలేదు. నిజం చెప్పాలంటే అంతకంటే మంచి కారణం నాకూ తెలియదు.

ఎనిమిదో పాటలో ఆ ఆడమనిషి వచ్చింది. అందరూ చేతులు ఆపి ఫోన్ మీదికి వంగారు. ఒక్క ముక్క అర్థం కాలేదు. మళ్లీ పెట్టారు. మళ్లీ కాలేదు.

"గొంతు మంచిదే" అంది జమున. "మొగనోళ్లను చెడగొట్టె గొంతు గాదు."

"గొంతు చూసి చెప్పొస్తదా నీకు" అంది అనిల. ఆ పూట ఆమెకు అన్నం సహించలేదు.

నాలుగింటికి జమున కూతురు చందన కాలేజీ నుంచి వచ్చింది. సంచి దింపకముందే ఆమె చేతిలో ఫోన్ పెట్టారు. చందన చెవికి ఆనించుకుని విన్నది. ముందు నుంచి కొంచెం, వెనక నుంచి కొంచెం విన్నది. తర్వాత అందరి ముఖాలూ చూసి, "ఏమైంది, గిట్ల చూస్తున్నరు" అంది.

"ఎవతె అది. గది చెప్పు" అంది అనిల.

"ఎవలు గాదత్తా. ఇది ఆల్బమ్. పరదేశపు బ్యాండోళ్లు చేసింది. తొమ్మిది పాటలు కలిపి ఒకటే కథ అన్నట్టున్నది. గామెతోని మాట్లాడిపిచ్చిండ్రు నడుమ."

"అంటె మీ మామకు గామె తెల్వదా."

"గామెకు మామనే తెల్వదు."

రాములవ్వ ఇంత నవ్వు నవ్వింది. అనిలకు నవ్వు రాలేదు, గుండె మీద నుంచి ఏదో దిగింది. దిగాక కూడా ఊరుకోలేదు.

"మరి ఏమంటున్నది."

"సగం సమజైతలేదత్తా. వాళ్లు తొందర తొందర అంటరు." చందన మళ్లీ విన్నది. "ఫోన్ చేస్తుంది. గాయిన ఎత్తుతలేడు. ఎత్తకుంటె మాటలు రికార్డు పెట్టొచ్చు కదా, గట్ల పెడుతుంది. చెట్లకు నీళ్లు వోసిన అంటుంది. కుక్క కాలు నయమైందట. పక్కింటోళ్లు గేటుకు రంగు ఏసుకున్నరట, మంచిగ లేదట. గీడనే నవ్వింది. ఇగ లాస్టుకు, నువ్వేం చెప్పకున్నా సరే, ఒక్కసారి ఎత్తు అన్నట్టున్నది."

అందరూ అనిల వైపు చూశారు. ఎందుకంటే శుక్రవారం శుక్రవారం అనిల మస్కట్‌కు ఫోన్‌లో ఏం మాట్లాడేదో పందిరి కింద అందరికీ తెలుసు. బర్రె ఈనింది. బోరు మోటరు కాలింది. చిన్నదానికి పన్ను ఊడింది. అవతల నుంచి ఊ అనే మాట తప్ప ఇంకోటి వచ్చేది కాదు. అనిల కొంగుతో ముక్కు తుడుచుకుని, "కుక్క గురించి చెప్పెటందుకు ఇంత పాటనా" అంది.

"సరే తియ్యి" అంది రాములవ్వ. "దినమంత ఇనుడే అయింది. గా ఏడో అంకె మల్ల పెట్టు, పొద్దుగూకేలోపు మిగిలిన ఆకన్న అయిపోతది."

లింబాద్రి ఫోన్ వెతుక్కుంటూ వచ్చింది అప్పుడే. మడి నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, కాళ్లకు బురద అట్లాగే ఉంది. సందులోంచే అతనికి ఆ పాట వినిపించి ఉంటుంది. పందిరి గుంజ దగ్గర ఆగిపోయాడు. లోపల ఆడవాళ్లు తల ఎత్తలేదు. ఏడు లెక్కలో ఉన్నారు. ఆకు, తంబాకు, సర్దడం, చుట్టడం. అతను అనిల చేతులనే చూశాడు. ఆమె అతన్ని చూసేసరికి ఒక లెక్క తప్పింది.

"దొంగలు వడ్డరా" అన్నాడు.

"నేనే వడ్డ" అంది అనిల.

"రా బిడ్డా, కూసో" అంది రాములవ్వ. "మంచి పాట తెచ్చినవ్. బీడీలకు మంచిగ కుదిరింది. మీ కంపెనోళ్లకు చెప్పు, ఎల్లారెడ్డిల రాములవ్వకు నచ్చింది అని."

లింబాద్రి నవ్వడానికి చూశాడు. నవ్వు సగంలో ఆగింది. ఫోన్ కూడా తీసుకోకుండా ఇంటికి పోయాడు.

అనిలకు భయం వేసింది. కోప్పడతాడనుకుంది. అతను కోప్పడలేదు. దీపాలు పెట్టే వేళకు ఫోన్ తెచ్చి ఇస్తే తీసుకుని గూట్లో పెట్టాడు. బుధవారం మొత్తం చెవుల్లో వైర్లు లేవు. గురువారం పొద్దున ఒకసారి పెట్టుకున్నాడు. నిమిషం కూడా కాకుండా తీసేశాడు. తీసేసి, వైరును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చున్నాడు.

శుక్రవారం ముత్తయ్య పొద్దున్నే చెప్పాడు. "కామారెడ్డి పోయి సాబ్‌కు సంతకం వెట్టి రా కొడుకా. ఆలస్యం చెయ్యకు."

"నేను గూడ పోత మామా" అంది అనిల. "గుడ్డలు కొనేది ఉన్నది." గుడ్డలు కొనేది ఏమీ లేదు.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. లింగంపేట దాటేదాకా ఇద్దరూ బయటికే చూశారు. పొలాలు పచ్చగా ఉన్నాయి. అనిల ఇక ఉండబట్టలేకపోయింది.

"నీ పాట నేను చెడగొట్టిననా."

లింబాద్రి వెంటనే, "చెడగొట్టినవ్" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. ఆకు తడిసింది అన్నట్టు అన్నాడు. తర్వాత అతనే చెప్పడం మొదలుపెట్టాడు. ఐదు వారాల్లో అన్ని మాటలు ఒకేసారి చెప్పడం అదే మొదలు.

"రూముల మేము పన్నెండు మందిమి. డ్యూటీకెల్లి వచ్చినంక మనోళ్లు తెలుగు పాటలు పెట్టెటోళ్లు. పెట్టినంక ఒక్కొక్కడు గోడ దిక్కు తిరుగుతడు. జగిత్యాల దిక్కు పిల్లగాడు ఒకడు అన్నం ముందల వెట్టుకుని ఏడ్సెటోడు. నాకు ఏడుపు రాదు. నాకు మీదికి ఎక్కినంక వచ్చేది. పద్నాలుగో అంతస్తు మీద పైపు మీద నిలవడ్డ. చిన్నదాని పన్ను ఊడింది అన్నవ్ గదా. అది యాదికొచ్చి కాలు వణికింది. కింద వడకపోయిన గని, వణికింది."

"గప్పుడు చెప్పకపోతివి."

"ఏమని చెప్త. నువ్వు పన్ను ముచ్చట చెప్పుడు బంద్ చేస్తవ్." కిటికీ బయటికి చూశాడు. "పక్క మంచం మీద ఫిలిప్పీను ఆయన ఉండె. ఆయన పెట్టుకునెటోడు ఇవి. అందరు తిట్టెటోళ్లు. నాకు మంచిగనిపించింది. భాష తెల్వది, తాళం తెల్వది. ఎంత ఇన్నా దాంట్ల ఇల్లు లేదు. నువ్వు లేవు, పిల్లలు లేరు, బాపు లేడు. ఏడ్సెటోడు ఏడుస్తడు, వాని ఏడుపు వానిది. అది ఇనుకుంట పండుకుంటె తెల్లారి కాలు వణకకపోయేది. ఆయన దేశం పోయేటప్పుడు నా కార్డుల ఎక్కిచ్చి పోయిండు."

అనిల చేతులు ఒడిలో పెట్టుకుని విన్నది.

"ఇంటికొచ్చినంక ఎందుకింటున్నవ్ మరి."

"మల్ల పోవాలె గదా. మీరు అలవాటైతె అక్కడ కష్టమైతది అని."

తాడ్వాయి వచ్చింది. మనుషులు దిగారు, ఎక్కారు. ఒక ముసలాయన అనిల కాళ్ల దగ్గర మూట పెట్టాడు. బస్సు కదిలాక లింబాద్రి మళ్లీ అన్నాడు.

"నిన్న పెట్టుకున్న. పెట్టంగనే నీ చేతులు కనవడ్డయ్. రాములవ్వ తల ఊపుడు కనవడ్డది. ఇగ దాంట్ల ఇల్లే ఉన్నది."

తను చేసిందేమిటో అనిలకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. మొగుణ్ని ఉంచుకోవాలని చేయలేదు. ఎవతో ఉందనుకుని చేసింది. పద్నాలుగో అంతస్తు మీద అతను పట్టుకుని నిలబడ్డ ఒక్క దాన్నీ ఊరి ఆడవాళ్లందరితో కలిసి లాగేసింది. సంతోషపడాలో చెంపలు వాయించుకోవాలో తెలియలేదు.

"ఇంకో పాట చూసుకోరాదు" అంది. "మస్తు పాటలుంటయి దునియాల. ఒకటి పోతె ఒకటి. నేను ముట్టను గూడ ముట్ట."

లింబాద్రి చాలాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, ఆమె అడిగినందుకు కాదు.

"నాతోని గాదు" అన్నాడు. "మల్ల మొదటికెల్లి నాతోని గాదు. నాకు పోబుద్ధి అయితలేదు అనిలా."

అనిల ఏదో అనబోయి, ముసలాయన మూటను కాలితో సర్ది, "గీ మాట నాకు చెప్పుడు గాదు. సాబ్‌కు చెప్పాలె, బాపుకు చెప్పాలె. నేను మాత్రం చెప్ప" అంది.

యాకూబు సాబ్ దుకాణం కామారెడ్డి స్టేషన్ రోడ్డులో మేడమీద ఉంది. ఆయన కాగితాలు ముందే తీసి పెట్టాడు. పెన్ను కూడా మూత తీసి పెట్టాడు. లింబాద్రి కుర్చీలో కూర్చోలేదు.

"సాబ్, పాస్‌పోర్ట్ ఇయ్యి. ఈ వీసా ఇంకొకలకు ఇయ్యి" అన్నాడు.

యాకూబు సాబ్ అతని వైపు చూసి, తర్వాత అనిల వైపు చూశాడు. "అమ్మా, నువ్వు వద్దన్నవా."

"నన్నడగకు సాబ్. నేను గుడ్డలకొచ్చిన."

ఆయన కాసేపు పెన్ను మూత వేసి తీసి, వేసి తీసి, చివరికి సొరుగు తెరిచాడు. "మంచి కంపెనీ లింబాద్రి. రెండు నెలలైనంక మల్లొచ్చి సాబ్ సాబ్ అంటె గీ అసొంటిది దొరకదు."

"తెలుసు సాబ్."

"సరే. ఖుషీగ ఉండు." పాస్‌పోర్టు బల్ల మీద పెట్టి రెండు వేళ్లతో ముందుకు తోశాడు.

కిందికి దిగాక లింబాద్రి మెట్ల దగ్గరే నిలబడ్డాడు. రోడ్డు మీద ఆటోలు, జనం. పాస్‌పోర్టు చొక్కా లోపల పెట్టుకున్నాడు. ఫోన్ తీసి తండ్రి నంబరు వెతికాడు, దొరికాక కూడా నొక్కలేదు. అనిల రోడ్డు అవతల ఉన్న గాజుల బండిని చూస్తున్నట్టు నటించింది. ముత్తయ్య ఏమంటాడో ఆమెకూ తెలియదు. మూడేళ్లుగా ఆయన ఊళ్లో నా కొడుకు మస్కట్‌లో ఉన్నాడనే చెప్పుకుంటున్నాడు.

లింబాద్రి నొక్కాడు. గట్టిగా మాట్లాడే ముసలివాళ్లతో మాట్లాడినట్టే ఫోన్ చెవికి కొంచెం దూరంగా పట్టుకున్నాడు కాబట్టి అనిలకు రెండు గొంతులూ వినిపించాయి.

"బాపు."

"ఆఁ. సంతకం అయిందా."

"పెట్టలె. పాస్‌పోర్ట్ వాపస్ తీసుకున్న. నేను పోతలేను బాపు."

అవతల ఎవరో ఎడ్లను అదిలిస్తున్నారు. అంతే. చాలాసేపు ఆ ఎడ్ల చప్పుడే.

"ఏమైంది. సాబ్ ఏమన్న అన్నడా."

"ఏమనలె. నాకే పోబుద్ధి గాలె. పైకెక్కితె కాలు వణుకుతుంది."

లింబాద్రి ఆ మాట తండ్రితో అంటాడని అనిల అనుకోలేదు. గాజుల బండి మీద నుంచి చూపు తిప్పి అతన్ని చూసింది. చెమట పట్టింది గానీ గొంతు నిలకడగానే ఉంది.

ముత్తయ్య దగ్గాడు. "గది చెప్పకపోతివి."

"ఇప్పుడు చెప్తున్న."

మళ్లీ ఎడ్ల చప్పుడు. ఆ తర్వాత ముసలాయన గొంతు, రోజూ పొలం దగ్గర నుంచి అరిచినట్టే వచ్చింది.

"సరే. బస్సుకే రాండ్రి. ఆటో ఎక్కకుండ్రి, లింగంపేట కాడ మోరీకని రోడ్డు తవ్విండ్రు."